బంకు మీటరు, మన కాటా: డీజిల్ కొలత సరిచూసే ప్రాజెక్టు డైరీ

జనవరి: ఏం కొలవాలి, దేంతో కొలవాలి

వైట్‌ఫీల్డ్, కె.ఆర్.పురం వైపు అపార్ట్‌మెంట్లలో బెస్కాం (బెంగళూరు విద్యుత్ సంస్థ) కరెంటు పోయిందంటే లిఫ్టులు, నీళ్ల మోటార్లు, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి యంత్రాలు) అన్నీ డీజీ (డీజిల్ జనరేటరు) మీదే నడవాలి. డీజిల్ కొంత బంకు నుంచి క్యాన్లలో తెస్తారు, ఎక్కువ కావాలంటే బౌజర్ (డీజిల్ పోసే ట్యాంకరు లారీ) పిలిపిస్తారు. అసోసియేషన్ మీటింగు పెడితే చాలు, "బంకువాళ్లు తక్కువ పోస్తున్నారు" అనే మాట ఎవరో ఒకరు అంటారు. ఎంత తక్కువ అని అడిగితే మాత్రం ఎవరి దగ్గరా అంకె ఉండదు. ఈ పని ఆ అంకె కోసం.

ముందు హద్దు రాసుకున్నాం. తూనికలు కొలతల శాఖ బంకు మీటరుకు అనుమతించే తేడా అటూ ఇటూ 0.5 శాతం, అంటే 5 లీటర్లకు 25 మి.లీ. అంతవరకు తక్కువ వచ్చినా ఆ మీటరు చట్టం దృష్టిలో పాసయినట్టే. కాబట్టి మన పద్ధతికి 0.1 శాతం తేడాను పట్టే సత్తా ఉండాలి. లేకపోతే బంకు దగ్గర గొంతు చించుకోవడం తప్ప ఫలితం ఉండదు.

ట్యాంకులో దించి మట్టం చూసే డిప్ కర్ర ఇందుకు పనికిరాదని కాగితం మీదే తేలిపోయింది. 990 లీటర్ల ట్యాంకుకి అడుగు వైశాల్యం సుమారు 1.1 చదరపు మీటర్లు ఉంటే, ఒక మిల్లీమీటరు మట్టం అంటే 1.1 లీటరు. తడి గీత చదవడంలో 2 మి.మీ. అటూ ఇటూ పోవడం మామూలే. 100 లీటర్లు పోయించుకున్నప్పుడు ఆ రెండు మిల్లీమీటర్లే 2 శాతం. ట్యాంకు పీఠం కాస్త వాలుగా ఉన్నా, పోసిన వెంటనే నురగ తగ్గకముందే కర్ర దించినా లెక్క ఇంకా చెడుతుంది. కారు ట్యాంకుతో చూసుకోవడమూ ఇలాంటిదే. కంపెనీ బుక్కులో 35 లీటర్లని ఉన్న ట్యాంకు మెడ దాకా నింపితే అంతకంటే ఎక్కువే పడుతుంది, ఎందుకంటే ఇంధనం వ్యాకోచించడానికి లోపల ఖాళీ వదులుతారు. "నా ట్యాంకు 35, బిల్లు 38" అన్నది ఒక్కటే మోసానికి రుజువు కాదు.

మిగిలినవి రెండే: బంకులో ఉండే 5 లీటర్ల కొలపాత్ర, మన కాటా. రెండూ కావాలి. 5 లీటర్ల పాత్ర 5 లీటర్ల దగ్గర మీటరు ఎలా ఉందో మాత్రమే చెబుతుంది. 1998లో లాస్ ఏంజెలెస్‌లో బయటపడ్డ కేసులో పంపు చిప్పుల్ని సరిగ్గా 5, 10 గ్యాలన్ల దగ్గర నిజం చెప్పేలా మార్చారు, ఎందుకంటే ఇన్‌స్పెక్టర్లు కొలిచేది ఆ పరిమాణాలే. మన దగ్గర 2020లో సైబరాబాద్ పోలీసులు పట్టుకున్న ముఠా తెలంగాణ, ఆంధ్ర బంకుల్లో పెట్టిన చిప్పులు 970 మి.లీ. పోసి లీటరు అని చూపించేవి. అందుకే ఎవరూ అడగని పరిమాణం, 18.70 లీటర్ల లాంటిది, కాటా మీద పెట్టి చూడాలి. పాత్ర చెప్పినదీ కాటా చెప్పినదీ ఒకటే అయితే ఆ మీటరు అన్ని పరిమాణాల దగ్గరా ఒకేలా నడుస్తున్నట్టు. తేడా వస్తే అప్పుడు అనుమానించాలి.

సరంజామా: 20 లీటర్ల ఇనుప జెర్రీక్యాన్, మూతకు మంచి రబ్బరు వాషరు, 30 కిలోల కాటా, 5 గ్రాముల విభజనది, డీజిల్ సాంద్రతను (ఘనపు మీటరుకి కిలోల్లో) 800 నుంచి 850 వరకు చదివే హైడ్రోమీటరు, 500 మి.లీ. గాజు జారు; అర డిగ్రీ గీతలున్న థర్మామీటరు. అంతే.

ఈ కాటా పని డీజిల్‌కే. పెట్రోలుకి చేయకూడదు. ఆవిరి, నిప్పు ప్రమాదం ఒక ఎత్తు, తూచేలోపే కొంత ఎగిరిపోవడం ఇంకో ఎత్తు. పెట్రోలుకి బంకులో 5 లీటర్ల పాత్ర పరీక్షతో సరిపెట్టుకోవాలి.

కాటా విషయంలో ఒక పేచీ ముందే తీర్చుకోవాలి. ఎలక్ట్రానిక్ కాటా నిజానికి కొలిచేది బరువు, అంటే గురుత్వం లాగే లాగుడు. ఢిల్లీలో సరిచేసిన కాటాను బెంగళూరులో అలాగే వాడితే సుమారు 0.11 శాతం తక్కువ చూపిస్తుంది. మనం భూమధ్యరేఖకు దగ్గర, పైగా 900 మీటర్లకు పైన ఎత్తులో ఉన్నాం. 15 కిలోల మీద అది 16 గ్రాములు, డీజిల్‌లో 20 మి.లీ. బంకువాడి తప్పేమీ లేకుండానే 20 మి.లీ. అతని ఖాతాలో పడుతుంది. కాబట్టి కాటా ఎక్కడ వాడతామో అక్కడే, స్టాంపు వేసిన 10 కిలోల, 5 కిలోల గుండ్లు పెట్టి సరిచేయించాలి. కాటా రిపేరు చేసేవాళ్లు గుండ్లు వెంట తెచ్చుకుంటారు. నీటిబుడగ మధ్యలో ఉందో లేదో చూసి, ఫ్యాను గాలి తగలని చోట పెట్టాలి. డీజీ గదిలో ఇంజను నడుస్తుండగా తూచితే అంకె నిలబడదు.

ఫిబ్రవరి: 5 లీటర్ల పాత్ర

ప్రతి బంకులోనూ శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్ర ఉండాలి. కొనేవాళ్లు అడిగితే డబ్బు తీసుకోకుండా కొలిచి చూపించాలి. బెంగళూరులో "ఐదు లీటర్ మెజర్ చెక్ మాడి తోరిసి" (ఐదు లీటర్ల పాత్రతో కొలిచి చూపించండి) అంటే చాలు. అడిగే టైము ముఖ్యం. ఉదయం ఎనిమిదిన్నరకు ఆఫీసు బళ్లు బారులు తీరినప్పుడు అడిగితే ఎంత మంచివాడైనా విసుక్కుంటాడు. మధ్యాహ్నం మూడింటికి అడిగితే మేనేజరే దగ్గరుండి చేయిస్తాడు.

పాత్రను ముందు చేతిలోకి తీసుకుని చూడాలి. ముద్ర, సంవత్సరం కనపడాలి. సొట్ట ఉంటే ఒప్పుకోవద్దు. సొట్ట పడితే లోపలి చోటు తగ్గుతుంది, తక్కువ పోసినా మెడ మీద గీత దాకా వచ్చేస్తుంది. బొటనవేలు అంత సొట్టకి పది, ఇరవై మి.లీ. సులువుగా దాక్కుంటాయి, అంటే మనం వెతుకుతున్న తేడా మొత్తం. నాజిల్‌కి వేసిన వెరిఫికేషన్ సర్టిఫికెట్ కూడా చూడాలి. అది ఏడాదికి ఒకసారి కొత్తది అవుతుంది, బోర్డు మీద "కానూను మాపనశాస్త్ర ఇలాఖె" (తూనికలు కొలతల శాఖ) అని కన్నడంలో ఉంటుంది.

కొలిచే వరస ఇది. ఒకసారి పాత్ర నిండా పోయించి, తిరిగి వంచేసి, ధార తెగాక ఇంకో అర నిమిషం చుక్కలు కారనివ్వాలి. పొడి పాత్రలో కొలిస్తే గోడలకు అంటుకునే డీజిల్ కొన్ని మి.లీ. తక్కువగా కనిపిస్తుంది, ఆ నష్టం బంకువాడిది కాదు. తర్వాత మీటరు సున్నా చూసి, రూపాయల్లో కాకుండా లీటర్లలో 5.00 ప్రీసెట్ (పోయాల్సిన అంకె ముందే నొక్కడం) కొట్టించాలి. రూపాయల్లో కొడితే పైసల సవరింపు నడుమ దూరుతుంది. నాజిల్ ట్రిగ్గర్ పూర్తిగా నొక్కి ఒకే ఊపులో పోయించాలి. పాత్ర చదునైన నేల మీద ఉండాలి. డీజిల్ నురగ పూర్తిగా అణిగేదాకా ఆగి, మెడ గాజు దగ్గర కన్ను సమంగా పెట్టి, డీజిల్ మట్టం వంపు అడుగు ఎక్కడుందో చదవాలి. పైనుంచి తొంగి చూస్తే 5 మి.లీ. దాకా తప్పు చదువుతారు. కొలిచిన డీజిల్ తిరిగి భూమిలో ట్యాంకులోకి పోతుంది. స్టాకు రిజిస్టరులో "టెస్టింగ్" అని రాసి అమ్మకం నుంచి తీసేస్తారు, కాబట్టి డీలరుకు నష్టమేమీ లేదు.

చుట్టుపక్కల బంకుల్లో చూసిన నాజిళ్లలో ఎక్కువ భాగం సున్నాకి అటూ ఇటూ 10 మి.లీ. లోపలే ఉన్నాయి. ఒక బంకులో డీజిల్ నాజిళ్లన్నీ మైనస్ 15 నుంచి మైనస్ 20 దగ్గర నిలబడ్డాయి. హద్దు లోపలే, కానీ ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

పంపు లోపల పిస్టన్ మీటరు ఉంటుంది. డీజిల్ పిస్టన్లను తోస్తే షాఫ్టు తిరుగుతుంది, షాఫ్టు మీదున్న పల్సర్ ఆ తిరుగుడును పల్సులుగా మార్చి కంప్యూటర్ బోర్డుకి పంపుతుంది. పిస్టన్ సీళ్లు అరిగితే కొంత డీజిల్ లెక్కలోకి రాకుండా పక్కనుంచి జారిపోతుంది. అంటే పోసినది ఎక్కువ, చూపినది తక్కువ. అరుగుదల మామూలుగా కొనేవాళ్లకే లాభం. మరి నాజిళ్లన్నీ ఒకే వైపు, అదీ తక్కువ వైపు, వరసగా నిలబడ్డాయంటే అది అరుగుదల కాదు, మీటరు సరిచేసే చక్రాన్ని అక్కడ నిలబెట్టారు. రోజుకి 5,000 లీటర్లు అమ్మే బంకు 0.4 శాతం తక్కువ పోస్తే రోజుకి 20 లీటర్లు మిగులుతాయి. పొరపాట్లకని ఇచ్చిన హద్దును ఆదాయంగా మార్చుకోవడమే ఇది. చట్టం చేతికి దొరకదు. మనం చేయగలిగింది పక్క బంకుకి వెళ్లడం, అదే చేశాం.

ఇదే కారణంగా "మెల్లగా పోస్తే దొంగతనం" అన్న మాటలోనూ పస లేదు. మరీ సన్న ధారలో పోస్తే మీటరులో జారుడు పెరుగుతుంది, అది కొనేవాడి వైపే మొగ్గుతుంది. ₹500కి బదులు ₹510 కొట్టించుకునే అలవాటుకీ యంత్రంలో ఆధారం ఏదీ లేదు. చిప్పు పెట్టినవాడు అన్ని అంకెలకీ పెట్టగలడు.

నిజంగా తక్కువ వచ్చే సందర్భాలు వేరే ఉన్నాయి. భూమిలో ట్యాంకు అడుగంటినప్పుడు గాలి లాగుతుంది, ఎయిర్ సెపరేటర్ (డీజిల్ నుంచి గాలిని వేరుచేసే భాగం) వెంటు మూసుకుపోతే ఆ గాలి కూడా మీటరులో డీజిల్‌గా లెక్కపడుతుంది. నాన్ రిటర్న్ వాల్వు కారితే రాత్రంతా పైపులో డీజిల్ వెనక్కి దిగిపోతుంది, తెల్లవారి మొదట వచ్చిన బండికి ముందు గాలి వస్తుంది. నాజిల్ కారి గొట్టం ఖాళీ అయితే ఆ గొట్టం నింపే ఖర్చు తర్వాతి కొనుగోలుదారుడిది. 4 మీటర్ల గొట్టం, లోపల 16 మి.మీ. వ్యాసం అయితే అందులో పట్టేది 0.8 లీటరు. ఒక లీటరు కొనే స్కూటరు మనిషికి అది మామూలు దెబ్బ కాదు. ఇక మనిషి చేసే మోసం అన్నిటికంటే సులువు: సున్నా చేయకుండా మొదలెట్టడం, ₹200 దగ్గర ఆపి మాటల్లో పెట్టి మళ్లీ మొదలెట్టడం. దానికి కాటా అక్కర్లేదు, బండి దిగి మీటరు వైపు నిలబడితే చాలు.

మార్చి: కాటా లెక్క

ఆ మైనస్ 20 నాజిల్ దగ్గరే 18.70 లీటర్ల ప్రీసెట్ కొట్టించి క్యాన్‌లో పట్టాం. క్యాన్ నేల మీదే ఉండాలి, నాజిల్ క్యాన్ మూతికి ఆనుకుని ఉండాలి. బండి డిక్కీలో పెట్టి నింపితే స్థిర విద్యుత్తు నేలకు దిగే దారి ఉండదు. కాటాను బంకు ఆవరణలోకి తీసుకెళ్లొద్దు, అది అలాంటి చోట వాడదగ్గ సామాను కాదు. మూత బిగించి అపార్ట్‌మెంటుకి తెచ్చి తూచాలి.

క్యాన్ బరువు నింపే ముందు, నింపిన తర్వాత రెండుసార్లూ తూచాలి. గోడలకు పాత డీజిల్ అంటుకుని ఉన్నా పర్వాలేదు, తేడా తీసేస్తాం కాబట్టి అది లెక్కలోంచి పోతుంది. ఈ ఒక్క విషయంలో కాటా పాత్రకంటే మేలు.

జాగ్రత్తంతా ఉష్ణోగ్రత దగ్గర. మీటరు పోసింది ఆ క్షణంలో ఎంత వేడి ఉందో అంత వేడి దగ్గరి లీటర్లు. కాబట్టి నింపిన వెంటనే క్యాన్‌లో థర్మామీటరు దించి రాసుకోవాలి. ఇంటికొచ్చేలోపు చల్లబడ్డా బరువు మారదు, లీటర్లు మారతాయి. అందుకని హైడ్రోమీటరుతో చదివిన సాంద్రతను నింపినప్పటి ఉష్ణోగ్రతకు మార్చాలి. డీజిల్ ఒక డిగ్రీ వేడెక్కితే సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 0.7 కిలోలు తగ్గుతుంది.

ఆ నాజిల్ లెక్క ఇలా వచ్చింది. నింపినప్పుడు 29 డిగ్రీలు. ఆ ఉష్ణోగ్రతకు మార్చిన సాంద్రత 826.0. కాటా మీద నికర బరువు 15.360 కిలోలు. భాగిస్తే 18.596 లీటర్లు, అంటే 104 మి.లీ. తక్కువ, 0.56 శాతం. హద్దు దాటినట్టే కనపడుతుంది.

ఇక్కడే ఆగితే బంకు మీద ఉత్తపుణ్యాన నింద వేసినట్టు. గాలి కూడా వస్తువును పైకి తేలుస్తుంది. కాటాను ఇనుప గుండ్లతో సరిచేశాం, తూచింది మాత్రం ఇనుముకంటే పది రెట్లు తేలికైన డీజిల్. బెంగళూరు ఎత్తులో గాలి సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 1.05 కిలోలు. దాన్ని లెక్కలోకి తీసుకుంటే డీజిల్ బరువు 0.114 శాతం తక్కువ చూపినట్టు. ఆ మేరకు కలిపితే 18.617 లీటర్లు. తక్కువ వచ్చింది 83 మి.లీ., 0.44 శాతం. హద్దు 93 దగ్గర ఉంది కాబట్టి పాస్.

మన కొలతలోనూ పొరపాటుకు చోటుంది. హైడ్రోమీటరు అర గీత తప్పితే 11 మి.లీ., అర డిగ్రీ తప్పితే 8, కాటా ఒక విభజన తప్పితే 6. అన్నీ కలిపి అటూ ఇటూ 15 మి.లీ. అనుకోవాలి. కాబట్టి 83 అంటే 68 నుంచి 98 మధ్య ఎక్కడైనా. హద్దు దాటిందని ప్రమాణం చేయలేం, దాటలేదనీ చేయలేం. చెప్పగలిగింది ఒకటి: పాత్ర దగ్గర 0.4 శాతం, కాటా దగ్గర 0.44 శాతం, రెండూ ఒకటే. 5 లీటర్లకొక లెక్క, 18.70కి ఇంకో లెక్క లేదు. చిప్పు లేదు, చక్రమే.

ఇంకో గొయ్యి చాలా మంది పడేది. బంకు బిల్లు మీద సాంద్రత అచ్చవుతుంది కదా, దాన్నే వాడితే పోలేదా అంటారు. ఆ అంకె 15 డిగ్రీల దగ్గరిది. మన డీజిల్‌కి అది సుమారు 835.8 అవుతుంది. దాంతో భాగిస్తే 18.38 లీటర్లు వస్తాయి, 1.7 శాతం దొంగతనం జరిగినట్టు తేలుతుంది. బంకుల మీద వచ్చే "తూచి చూశాను" ఆరోపణల్లో ఈ పద్నాలుగు డిగ్రీల సంగతి చూసుకున్నారా అని ముందు అడగాలి. ఆ బిల్లు అంకె వాడాల్సింది కల్తీ చూడటానికి. మన హైడ్రోమీటరు రీడింగును పట్టిక ద్వారా 15 డిగ్రీలకు మార్చి పోలిస్తే 3 లోపు తేడా ఉండాలి.

ఏప్రిల్: బౌజర్

బౌజర్ లారీలో కూడా ఉండేది బంకు లాంటి మీటరే. ముద్ర, సర్టిఫికెట్ అదే వరస. తేడా గొట్టంలో ఉంది. బేస్‌మెంటు దాకా రావాలని చక్రం మీద పొడుగు గొట్టం చుట్టి తెస్తారు. అంగుళం గొట్టం 30 మీటర్లు ఉంటే అందులో పట్టేది 14.7 లీటర్లు. పాత డెలివరీ తర్వాత డ్రైవరు గొట్టం ఖాళీ చేసి వచ్చి ఉంటే, మన మీటరు సున్నా నుంచి మొదలై ముందు ఆ గొట్టాన్ని నింపుతుంది. మీటరు అబద్ధం చెప్పదు, డీజిల్ మాత్రం మన ట్యాంకులోకి రాదు. చివర్లో గొట్టం నిండుగా తీసుకుని వెళ్లిపోతారు. 400 లీటర్ల ఆర్డరులో అది 3.7 శాతం, చిప్పు మోసం కంటే ఎక్కువ.

అందుకే వరస మార్చాం. గొట్టం చక్రం నుంచి విప్పి, పంపు నడిపించి, నాజిల్ చివర గాలి లేని ధార వచ్చేదాకా వాళ్ల బకెట్లోకే పట్టించాలి. ఆ డీజిల్ వాళ్ల ట్యాంకులోకే తిరిగి పోయాలి. అప్పుడు మీటరు సున్నా చేసి మన ట్యాంకులోకి. డ్రైవరుకు ముందే ఫోనులో చెబితే గొణగడు, వచ్చాక చెబితే పది నిమిషాలు వాదన. "అన్నా, గొట్టం నింపిన తర్వాతే జీరో" అన్న ఒక్క వాక్యం గేటు దగ్గర సెక్యూరిటీకి కూడా నేర్పించాం.

రెండోది ఎండ. మన దగ్గర చిల్లర అమ్మకం లీటర్ల లెక్కనే, ఉష్ణోగ్రతకు సవరణ ఉండదు. డీజిల్ డిగ్రీకి సుమారు 0.083 శాతం ఉబ్బుతుంది. ఆరు డిగ్రీలు వేడెక్కితే చట్టం ఇచ్చే హద్దంత తేడా అక్కడే అయిపోతుంది. భూమిలోని ట్యాంకు నుంచి వచ్చే డీజిల్ ఏడాదంతా దాదాపు ఒకే చల్లదనంలో ఉంటుంది, కానీ ఎండలో గంటలకొద్దీ నిలబడ్డ లారీది అలా ఉండదు. ఇందులో ఎవరి మోసమూ లేదు, అయినా ఇంజనుకు కావలసింది బరువే కాబట్టి నష్టం మనకే. బౌజర్ మూత దగ్గర ఉష్ణోగ్రత రాసుకోవడం మొదలెట్టాం, ఆర్డరు ఉదయం ఏడింటికి మార్చాం.

బౌజర్ మీద కాటా పరీక్ష పోత మధ్యలో చేయాలి. మొదటి యాభై లీటర్లలో గాలి ప్రభావం ఉండొచ్చు, అందుకని అది దాటాక ఒక క్యాన్‌కి వేరే టికెట్ (మీటరు రసీదు) కొట్టించి తూచాలి. మొదటి క్యాన్ తూచి "తక్కువ" అనడం అన్యాయం.

మే: మిగిలిన పనులు

హద్దు దాటిన నాజిల్ దొరికితే చేయాల్సింది కాగితం మీద ఉంది: అక్కడే 5 లీటర్ల పాత్రతో మళ్లీ కొలిపించడం, మైనస్ 25 దాటితే ఆ నాజిల్ ఆపమని మేనేజరుకు చెప్పడం, బిల్లు, నాజిల్ నంబరు, సర్టిఫికెట్ ఫోటోలతో తూనికలు కొలతల శాఖకూ ఆయిల్ కంపెనీకీ రాయడం, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయడం. కాటా లెక్క మాత్రమే చూపిస్తే ఎవరూ ఒప్పుకోరు. అది ఎక్కడ వెతకాలో చెప్పే సాధనం, రుజువు మాత్రం ముద్ర ఉన్న పాత్రదే.

పాత్రా కాటా వేరే వేరే చెప్పిన నాజిల్ ఇంతవరకు ఎదురు కాలేదు. ఎదురైతే మేనేజరుతో వాదించకుండా నేరుగా శాఖకు రాయాలని నిర్ణయం. చిప్పు ఉన్నచోట అడిగిన మరుక్షణం అది మాయమవుతుంది.

బాకీ ఉన్నవి: వర్షాకాలంలో అదే నాజిళ్లను మళ్లీ తూచడం, కాటాకు ఆరు నెలలకొకసారి గుండ్ల పరీక్ష, బౌజర్ వాళ్లతో కొత్త ఒప్పందంలో గొట్టం నింపాకే సున్నా అన్న షరతు రాయించడం. డీజీ గది తలుపు మీద అంటించిన కాగితంలో ఇప్పుడు ఐదు గడులు ఉన్నాయి: తేదీ, మీటరు లీటర్లు, నింపినప్పటి ఉష్ణోగ్రత, 15 డిగ్రీల దగ్గర సాంద్రత, నికర బరువు. లెక్క ఎవరైనా తర్వాత వేసుకోవచ్చు, ఈ ఐదూ అప్పటికప్పుడు రాయకపోతే వేయడానికి ఏమీ ఉండదు.